1:160 అంటే టైఫాయిడేనా?

జ్వరం నాలుగో రోజుకీ దిగకపోతే బేస్తవారిపేటలో అయినా, అటు కంభం, గిద్దలూరులో అయినా, ఇటు మార్కాపురంలో అయినా మనం చేసే పని ఒక్కటే. రక్తపరీక్ష చేయించుకుంటాం. సాయంత్రానికి ల్యాబు కాగితం చేతికొస్తుంది. అందులో ‘విడాల్’ అనే వరస, దాని కింద ‘ఓ’, ‘హెచ్’ అని రెండు అక్షరాలు, వాటి ఎదురుగా 1:80, 1:160 లాంటి అంకెలు ఉంటాయి. ఆ అంకె కనబడగానే ఇంట్లో మాట ఖాయమైపోతుంది, టైఫాయిడంట అని. ఆపైన రోజుకు రెండు సూదులు, ఒక గ్లూకోజు బాటిలు, బ్రెడ్డు, పాలు. వారం తిరిగేసరికి కూలి డబ్బులన్నీ కరిగిపోతాయి. అందుకే ముందు ఆ అంకె సంగతి తేల్చుకుందాం.

ఈ పరీక్షను 1896లో ఫెర్నాండ్ విడాల్ అనే ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టాడు. ఇది టైఫాయిడ్ క్రిమిని వెతకదు. ఆ క్రిమి మీద పోరాడటానికి మన ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలు రక్తంలో ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. వాటిని యాంటీబాడీలు అంటారు. రక్తం పైన తేలే తేట నీటిని తీసి, రెట్టింపు రెట్టింపుగా పలచన చేస్తూ పోతారు: 20 వంతులు, 40, 80, 160. ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల తేటను 800 మిల్లీలీటర్లు అయ్యేదాకా పలచన చేసినా ఇంకా యాంటీబాడీల జాడ కనిపిస్తోందంటే, అది 1:160. అంకె పెద్దదైతే జబ్బు ముదిరిందని అర్థం కాదు. యాంటీబాడీలు ఎక్కువున్నాయని, అంతే.

మరి యాంటీబాడీలు ఉన్నాయంటే క్రిమి ఉన్నట్టేగా అని మీరు అడగొచ్చు. డొంకలో బురద మీద టైరు గుర్తులు కనిపిస్తే ట్రాక్టరు వచ్చిందని తెలుస్తుంది. ఇవాళ వచ్చిందా, పోయిన నెల వచ్చిందా, అసలది మన ఊరి ట్రాక్టరేనా అన్నది ఆ గుర్తులు చెప్పవు. విడాల్ కూడా అంతే. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ తాలూకు యాంటీబాడీలు రక్తంలో చాన్నాళ్లు ఉంటాయి. మలేరియా, డెంగీ లాంటి వేరే జ్వరాల్లోనూ ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంటుంది. దానికి తోడు, అసలైన టైఫాయిడ్ ఉన్నవాళ్లకు మొదటి వారంలో నెగటివ్ రావచ్చు కూడా. యాంటీబాడీలు తయారు కావడానికి ఒంటికి వారం, పది రోజులు పడుతుంది. మనమేమో మూడో రోజో నాలుగో రోజో పరీక్షకు పోతాం.

దీన్నొక చిన్న లెక్కలో చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి ఈ అంకెలు నేను అనుకుంటున్నవి. జ్వరంతో 100 మంది ల్యాబుకు వెళ్లారు. వాళ్లలో నిజంగా టైఫాయిడ్ ఉన్నది ఐదుగురికి. ఆ ఐదుగురిలో నలుగురిని పరీక్ష పట్టుకుంది. మిగతా 95 మందిలో నూటికి ఇరవై చొప్పున, అంటే 19 మందికి, జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించింది. మొత్తం పాజిటివ్ కాగితాలు 23. అందులో నిజమైన టైఫాయిడ్ 4. మిగిలిన 19 మంది తమకు లేని జబ్బుకు మందు వాడుతున్నారు. అంతకన్నా బాధాకరమైన సంగతి, వాళ్లకున్న అసలు జబ్బుకు మందు పడటం లేదు.

అసలు జబ్బు డెంగీయో మామూలు వైరస్ జ్వరమో అయితే యాంటీబయాటిక్ దాన్ని తాకదు. యాంటీబయాటిక్ అంటే బ్యాక్టీరియాను చంపే మందు, లేదా పెరగకుండా ఆపే మందు. బ్యాక్టీరియా అంటే తనంతట తాను తిని, పెరిగి, రెండుగా చీలి సంతానం పెంచుకునే ఒంటికణపు జీవి. వైరస్ అలాంటిది కాదు, మన కణంలో దూరితే తప్ప పెరగలేదు. అందుకే ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు.

అయితే మన ప్రాంతంలో పొరపాటు పడితే ప్రాణం మీదికి వచ్చే జ్వరం ఇంకొకటుంది, స్క్రబ్ టైఫస్. ఇదీ బ్యాక్టీరియా జ్వరమే. పేరులో టైఫస్ ఉన్నా టైఫాయిడ్‌తో చుట్టరికం లేదు. నీళ్ల వల్ల రాదు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి జాతి పురుగు పిల్ల దశలో కుట్టినప్పుడు వస్తుంది. నల్లమల అంచున గొర్రెలు, మేకలు తోలుకుపోయేవాళ్లు, కట్టెలకు వెళ్లేవాళ్లు, గట్ల మీద గడ్డి కోసేవాళ్లు, చేలో కింద కూర్చుని పనిచేసే ఆడవాళ్లు దీనికి ఎక్కువగా దొరికిపోతారు. వానాకాలం నడిమి నుంచి చలికాలం దాకా దీని అదను.

కుట్టిన ఆరు రోజుల నుంచి మూడు వారాల్లోపు జ్వరం మొదలవుతుంది. విపరీతమైన తలనొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటాయి. చాలామందికి కుట్టిన చోట అంచు ఎర్రగా, నడుమ నల్లగా పెచ్చుకట్టిన చిన్న మచ్చ ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందువల్ల మనకే తెలియదు. చంకలు, గజ్జలు, మొలతాడు కట్టుకునే చోటు, రొమ్ముల కింద, చెవి వెనక వెతకాలి. మచ్చ లేనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ కాదనుకోవడానికీ లేదు. దీనికి మందు డాక్సీసైక్లిన్. పెద్దవాళ్లకు 100 మిల్లీగ్రాముల బిళ్ల పూటకొకటి చొప్పున రోజుకు రెండు, సాధారణంగా 7 రోజులు. మొత్తం 14 బిళ్లలు. గర్భిణులకు దీని బదులు అజిత్రోమైసిన్ రాస్తారు. సరైన సమయంలో మొదలుపెడితే ఎక్కువమందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి.

టైఫాయిడ్‌కు విరివిగా వేసే సెఫ్ట్రియాక్సోన్ సూది స్క్రబ్ టైఫస్ మీద పనిచేయదు. మందుల షాపుల్లో ఎక్కువగా అమ్ముడుపోయే సెఫిక్సిమ్ బిళ్లా అంతే. విడాల్ కాగితం చూసి వారం రోజులు సూదులు వేయించుకున్న మనిషికి ఉన్నది స్క్రబ్ టైఫస్ అయితే, ఆ వారమంతా మందు లేకుండా గడిచినట్టే. ఐదు రోజులు దాటిన జ్వరంతో డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు అడవికి, చేలకు, పొదల్లోకి వెళ్లిన సంగతి మీరే నోరు తెరిచి చెప్పండి. మచ్చ ఉంటే చూపించండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

డాక్సీసైక్లిన్‌ది టెట్రాసైక్లిన్ల కుటుంబం. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. అమెరికాలో లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికి తీశారు. 1948లో లోకానికి వెల్లడైంది. ఆ సంస్థ పరిశోధనలకు అప్పట్లో సారథ్యం వహించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. నల్లమల అంచు పల్లెలో పద్నాలుగు బిళ్లలతో ఒక గొర్రెల కాపరి లేచి తిరుగుతున్నాడంటే, ఆ మందు వంశంలో తెలుగువాడి పని కూడా ఉందని గుర్తుచేయాలనిపించింది.

సరే, టైఫాయిడ్‌ను గట్టిగా తేల్చే పరీక్ష ఏది? బ్లడ్ కల్చర్. రక్తాన్ని పోషకాలున్న సీసాలో వేసి, అందులోని క్రిమిని పెంచి చూస్తారు. పెద్దవాళ్లకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం, అంటే రెండు టీ చెంచాలు తీస్తారు. అంత ఎందుకంటే, టైఫాయిడ్ రోగి రక్తంలో ఒక మిల్లీలీటరుకు ఒక్క క్రిమి కూడా దొరక్కపోవచ్చు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ ఆలస్యానికి తగిన లాభం ఉంది. క్రిమి పెరిగితే, దాని మీద ఏ మందు పనిచేస్తుందో ఏది చేయదో కూడా అదే పరీక్షలో తేలుతుంది.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, యాంటీబయాటిక్ ఒక్క మోతాదు పడకముందే రక్తం తీయాలి. ముందే సూది వేయించుకుని పోతే సీసాలో క్రిమి పెరగకపోవచ్చు. రెండోది, అన్నీ సరిగ్గా చేసినా ఈ పరీక్ష నూరు మంది టైఫాయిడ్ రోగుల్లో 60 మందినే పట్టుకుంటుంది. కాబట్టి కల్చర్ నెగటివ్ వచ్చినా లక్షణాలను బట్టి డాక్టరు మందు కొనసాగించవచ్చు. ఒంగోలు సర్వజన ఆసుపత్రి లాంటి బోధనాసుపత్రుల్లో ఈ పరీక్ష ఉంటుంది. మనకది దగ్గర కాదు, నిజమే. మనిషి అంత దూరం పోకుండా రక్తం సీసాను మాత్రం పంపే ఏర్పాటు ఉందా అని పీహెచ్‌సీలోనో, మార్కాపురం ప్రభుత్వాసుపత్రిలోనో అడగండి.

టైఫాయిడ్ అని తేలితే భయపడాల్సిన పని లేదు. మందులు లేని కాలంలో ఈ జబ్బు నూరు మందికి వస్తే 10 నుంచి 20 మంది పోయేవాళ్లు. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చాక ఆ లెక్క మారిపోయింది. ఇప్పుడు సమయానికి సరైన మందు పడితే నూటికి ఒక ప్రాణం పోవడం కూడా అరుదు. ప్రమాదం ఎక్కువగా వచ్చేది మూడో వారంలో, పట్టించుకోకుండా వదిలేసినవాళ్లకు. పేగులో పుండు పడి రక్తం పోవడం, పేగుకు చిల్లు పడటం అప్పుడే జరుగుతాయి. విపరీతమైన కడుపునొప్పి, నల్లటి విరేచనం కనిపిస్తే ఆ క్షణమే పెద్దాసుపత్రికి పోవాలి.

మందు ఎన్నాళ్లు? ఏ మందు రాశారన్న దాన్ని బట్టి 7 నుంచి 14 రోజులు. సరైన మందు మొదలుపెట్టినా జ్వరం దిగడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. రెండో రోజుకే తగ్గలేదని డాక్టరును మార్చి, మందు మార్చి తిరిగేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. పూటకొక బిళ్ల చొప్పున 14 రోజులంటే 28 బిళ్లలు. ఐదో రోజు జ్వరం దిగిందని ఆపేస్తే వేసుకున్నది పది, మిగిలింది పద్దెనిమిది. బతికిపోయిన క్రిములు రెండు మూడు వారాలకు జ్వరాన్ని మళ్లీ తెస్తాయి. మిగిలిన ఆ పద్దెనిమిది బిళ్లలేమో బీరువాలో ఉండి, ఇంకో పిల్లవాడి జలుబుకు వాడకమవుతాయి.

గ్లూకోజు బాటిలు బ్యాక్టీరియాను చంపదు. నోటితో తాగలేని, వాంతులాగని మనిషికే దాని అవసరం. అర లీటరు సెలైన్ సీసాలో ఉన్నది అర లీటరు ఉప్పునీళ్లే. నోరు పనిచేస్తుంటే గంజి, మజ్జిగ, ఓఆర్‌ఎస్ అదే పని చేస్తాయి. పథ్యం విషయంలోనూ మనవాళ్లు రోగిని కష్టపెడతారు. లంఖణం పరమౌషధం అన్న మాట టైఫాయిడ్‌కు పట్టదు. రెండు మూడు వారాలు కాగిపోయిన ఒంటికి తిండి కావాలి. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, పెరుగు, గుడ్డు పెట్టొచ్చు. మసాలా, మరీ పీచున్నవి కొన్నాళ్లు పక్కన పెడితే చాలు.

మందుల షాపులో బిళ్లల స్ట్రిప్ తీసుకున్నప్పుడు వెనకవైపు రేకును ఒకసారి చూడండి. కొన్నింటి మీద ఒక అంచున నిలువుగా ఎర్రటి గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం. యాంటీబయాటిక్‌ల మీద ఈ గీత ఉంటుంది. దీని గురించి కేంద్ర ప్రభుత్వం 2016లో దేశమంతా ప్రచారం మొదలుపెట్టింది. చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టగల సంకేతం ఇది. ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి చూపించండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, టైఫాయిడ్ క్రిమి మందులను ఒక్కొక్కటిగా ఓడిస్తూ వస్తోంది. 1990 ప్రాంతానికే క్లోరాంఫెనికాల్‌తో పాటు మరో రెండు పాత మందులు చాలాచోట్ల పనికిరాకుండా పోయాయి. ఆ తర్వాత నమ్ముకున్న సిప్రోఫ్లోక్సాసిన్ ఇప్పుడు మన దేశంలో ఎక్కువ టైఫాయిడ్ క్రిముల మీద సరిగా పనిచేయడం లేదు. 2016లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో, అక్కడి హైదరాబాద్ నగరంలో, సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగని టైఫాయిడ్ బయటపడింది. నోటితో వేసుకునే మందుల్లో అక్కడి రోగులకు మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. అదే అజిత్రోమైసిన్‌ను మనం గొంతు గరగరకు అడిగి మరీ కొనుక్కుంటున్నాం.

మందు పూర్తిగా వాడాలన్నాం కదా, మిగతా బ్యాక్టీరియా జబ్బులకు ఒక్కోదానికీ ఒక్కో గడువు. ఆడవాళ్లలో తరచూ వచ్చే మూత్రంలో మంటకు మూడు నుంచి ఏడు రోజుల మందు చాలు. నీళ్లు తక్కువ తాగడం, మరుగుదొడ్డి దొరక్క మూత్రం ఆపుకోవడం దాన్ని పెంచుతాయి. టీబీకి మాత్రం కనీసం ఆరు నెలలు, అంటే 180 రోజులు. మందు ఉచితం, పౌష్టికాహారానికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. మార్కాపురం పలకల గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే టీబీ వచ్చే ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది. పాత పలకల కార్మికుడికి రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, అది దుమ్ము దగ్గులే అని వదిలేయకుండా కళ్లె పరీక్ష చేయించాలి.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. టైఫాయిడ్ క్రిమి మనిషిలో తప్ప ఏ జంతువులోనూ బతకదు. ఒకరి మలం నుంచి నీళ్లలోకో తిండిలోకో చేరి, ఇంకొకరి నోట్లోకి పోవాలి. మొదటి జ్వరం కనబడేది వారం, రెండు వారాల తర్వాత. అందుకే ఏ నీళ్లు తాగితే వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

పక్కనే విజయనగర కాలం నాటి కంభం చెరువు ఉంది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు ఉంది. అయినా మన ప్రాంతంలో వేసవి వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరస కట్టాల్సిందే. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275. నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే వీధిలో ఆ ఇల్లు 1,100 లీటర్లు నిల్వ చేసుకోవాలి. డ్రమ్ములో, సంపులో, సింటెక్స్‌లో నాలుగు రోజులు కూర్చునే ఆ నీళ్లలో ఎన్ని చేతులు, ఎన్ని చెంబులు మునుగుతాయో లెక్కేసుకోండి. జబ్బు పైపు చీలికలోనే పుట్టాలని లేదు, మన డ్రమ్ములోనూ పుడుతుంది.

దీనికి విరుగుడు చవకైనది. తేటగా ఉన్న 1,000 లీటర్ల నీళ్లకు మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములు సరిపోతుంది. 5,000 లీటర్ల ట్యాంకరుకు 12.5 గ్రాములు. అంటే 100 గ్రాముల పొడి ఎనిమిది ట్యాంకర్లకు వస్తుంది. పొడిని నేరుగా చల్లకుండా, ప్లాస్టిక్ మగ్గులో కొద్ది నీళ్లతో ముద్ద చేసి, ఇంకాసిని నీళ్లు పోసి కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంటసేపు ఆగాలి. మూత తీసిపెట్టిన పాత పొడిలో క్లోరిన్ ఎగిరిపోతుంది, ఘాటు వాసన లేని పొడి వేసినా వేయనట్టే. బిందె స్థాయిలో అయితే 0.5 గ్రాముల క్లోరిన్ బిళ్ల ఒకటి 20 లీటర్లకు చాలు, ఏఎన్‌ఎంనో ఆశా కార్యకర్తనో అడగండి. ట్యాంకరు నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూడటానికి పంచాయతీ దగ్గర చిన్న గాజు గొట్టం, చుక్కల మందు ఉంటాయి. చుక్కలు వేయగానే నీళ్లు పసుపు రంగుకు తిరిగితే ఉన్నట్టు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది మన దేశ ప్రమాణం. మన ముందే పరీక్షించి చూపించమని అడిగే హక్కు మనకుంది.

మేం ఆర్వో క్యాన్ నీళ్లే తాగుతాం కదా అంటారేమో. ఫ్లోరైడ్ ఉన్న మన నేలలో ఆర్వో నీళ్ల అవసరం నేను కాదనను. బ్లీచింగ్ ఫ్లోరైడ్‌ను తీయదు. కాచడం కూడా తీయదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. కానీ ఆర్వో నీళ్లలో క్లోరిన్ మిగలదు. కడగని క్యాన్‌లోనో, చెయ్యి మునిగే గ్లాసుతోనో క్రిమి చేరితే అడ్డుకునేది అందులో ఏదీ లేదు. క్యాన్‌కు కుళాయి ఉండాలి, వారానికోసారి లోపల కడగాలి. అనుమానం వస్తే ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చిన నీళ్లు తాగాలి.

టీకా కూడా ఉంది, అదీ మన దగ్గర తయారైందే. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 చివర్లో గుర్తింపు ఇచ్చింది. నేపాల్‌లో దాదాపు 20,000 మంది పిల్లల మీద జరిపిన పరీక్షలో మొదటి ఏడాది 81.6 శాతం రక్షణ ఇచ్చింది. అంటే టీకా లేకుంటే 100 మందికి జబ్బు వచ్చే చోట, టీకా వేస్తే 18 మందికే వచ్చినట్టు. మందులకు లొంగని టైఫాయిడ్‌తో సతమతమైన సింధు హైదరాబాద్ పిల్లలకు వేసింది కూడా మన హైదరాబాద్ టీకానే. ఒక్క సూది చాలు. పిల్లల డాక్టర్లు 6 నుంచి 9 నెలల వయసులో వేస్తున్నారు, అప్పుడు వేయించని పెద్ద పిల్లలకూ వేయించవచ్చు.

చివరిగా ఒక అనుమానం మిగులుతుంది. జ్వరం తగ్గినవాళ్లు వంట చేయొచ్చా? ఇంటికి సంబంధించి, మందు పూర్తయ్యేదాకా వేరేవాళ్లు వండటం మంచిది. తగ్గినవాళ్లలో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురి పిత్తాశయంలో క్రిమి దాక్కుని, ఏ బాధా పెట్టకుండా ఏడాదికి పైగా మలంలో బయటికి పోతూ ఉంటుంది. ఆడవాళ్లలో, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లలో ఇది ఎక్కువ. హాస్టల్లో, మధ్యాహ్న భోజనం దగ్గర, హోటల్లో, టిఫిన్ బండి మీద వండేవాళ్లకు టైఫాయిడ్ వచ్చి తగ్గితే, మందు ముగిశాక మల పరీక్షలు వరసగా నెగటివ్ వచ్చేదాకా వేరే పని అప్పగించాలి. కూలి మాత్రం కోయకూడదు. కోస్తే రెండోసారి జ్వరం వచ్చినప్పుడు ఆ మనిషి ఎవరికీ చెప్పదు. క్రిమి మిగిలే ఉందని తేలితే దానికీ మందు ఉంది, నెల రోజుల కోర్సు.